అప్పడాల కర్ర మీద పాట

మొన్న డిసెంబరు మొదటి ఆదివారం మా అబ్బాయి ప్రవీణ్ ఘాజియాబాద్ నుంచి వసంత్ కుంజ్‌లోని మా ఫ్లాటుకి వచ్చి, కాఫీ కూడా ముట్టకుండా నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. వాడు వెతుకుతున్నది పాత ఎక్స్‌టెన్షన్ బాక్సు. వాడికి దొరికింది మా నాన్న రేకు పెట్టె. నాన్న పోయాక దాన్ని నేనే అక్కడ పెట్టించాను. ఆ తర్వాత తెరవలేదు. తెరవకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు, మోకాళ్ళ నొప్పులు. వాడు అందులో చెయ్యి పెట్టి కెలికి, పాత హిందీ పేపరు చుట్టిన పొడుగాటి వస్తువొకటి బయటికి లాగి, పేపరు విప్పి, "అమ్మా, ఈ బేలన్ నిండా రేకు ముక్కలేంటి? ఎవరు కొట్టారు ఈ మేకులన్నీ?" అన్నాడు. నేను కింద నిచ్చెన పట్టుకుని ఉన్నాను. పట్టుకున్నదాన్ని కాస్తా వదిలేసి రెండు చేతులూ పైకి చాపాను. "నిచ్చెన, అమ్మా, నిచ్చెన!" అని వాడు అరుస్తున్నా, "ముందది ఇటివ్వరా" అన్నాను.

అది మా అమ్మ అప్పడాల కర్ర. ఢిల్లీలో దొరికే బేలన్ లాగా చివర్లు సన్నగా తేలి ఉండదు. బాపట్ల దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో వడ్రంగి చేసిన లావుపాటి కర్ర, మొదలూ చివరా ఒకటే మందం. దాని చుట్టూ ఎనిమిది వరసల్లో, పాలపొడి డబ్బా కత్తిరించి చేసిన రేకు ముక్కలు చిన్నవీ పొడుగువీ దిగ్గొట్టి ఉన్నాయి. ఒక చివర బీటవారితే రాగి తీగ చుట్టి కట్టిన కట్టు కూడా అలాగే ఉంది. తుప్పు రాలి నా చీర మీద పడింది. నేను సోఫాలో కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ, రేకుల్లేకుండా ఉత్త కర్ర కనిపించే చోటు కోసం వేలితో తడిమాను. దొరికింది. బొటనవేలు అక్కడే ఆనించి చాలాసేపు కూర్చున్నాను.

ప్రవీణ్‌కి డిసెంబరు వస్తే ఒకటే పిచ్చి. ఘాజియాబాద్‌లో వాళ్ళది నాలుగో అంతస్తు, బాల్కనీ కింద సొసైటీ వాళ్ళ పచ్చిక. ఆ బాల్కనీ నిండా దీపాల తీగలు కట్టి, వాటిని లాప్‌టాప్‌కి తగిలించి, పాటకి తగ్గట్టు వెలిగేలా చేస్తాడు. పాటలో డ్రమ్ము పడ్డచోట ఎరుపు, గిటారు వచ్చినచోట నీలం, కోరస్ అందుకుంటే మొత్తం బాల్కనీ ఒకేసారి. పాట మూడు నిమిషాలే, దానికి వాడు రెండు వారాలు ఆఫీసు నుంచి వచ్చాక కూర్చుని, ఏ క్షణాన ఏ దీపమో తెర మీద గుర్తులు పెట్టుకుంటాడు. "మీ తాతయ్య ఈ పని అప్పడాల కర్రతో చేశాడురా" అని ఎన్నిసార్లు చెప్పానో. వాడు నవ్వి ఊరుకునేవాడు. పెద్దవాళ్ళు చెప్పే కబుర్లలో ఇదొకటి అనుకున్నాడు కాబోలు. ఇప్పుడు కర్ర చేతికొచ్చేసరికి ఎక్స్‌టెన్షన్ బాక్సు సంగతే మర్చిపోయి నా ఎదురుగా నేల మీద చతికిలపడ్డాడు. "చెప్పమ్మా, మొదట్నుంచి" అన్నాడు. చెప్పాను. ఒక్క సంగతి మాత్రం అప్పుడు వాడికి చెప్పకుండా దాచుకున్నాను.

మేము అప్పట్లో ఆర్.కె. పురం క్వార్టర్లలో ఉండేవాళ్ళం. రెండు గదులు, వంటిల్లు, మొదటి అంతస్తులో రోడ్డు వైపు చిన్న బాల్కనీ. నాన్న కేంద్ర ప్రభుత్వంలో ఏదో వర్క్‌షాపులో టెక్నీషియను. ఆయన ఏం బాగుచేసేవాడో మాకు చివరిదాకా సరిగ్గా తెలియదు. అడిగితే "మీటర్లు" అనేవాడు, అంతే. ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా మేకుకి తగిలించి, మంచం కింది రేకు పెట్టె బయటికి లాగి, ఏదో ఒకటి విప్పుతూ కూర్చునేవాడు. మా ఇంట్లో రెండు వాసనలు ఎప్పుడూ ఉండేవి. ఒకటి ముందుగదిలో టంకం పొగ, రెండోది వంటింట్లో కిరసనాయిలు స్టవ్వు. డిసెంబరులో వీటికి అరిసెల పాకం తోడయ్యేది. మా ఇంటికొచ్చినవాళ్ళు ముక్కు ఎగబీల్చి, అమ్మ ఏం వండుతోందో, నాన్న ఏం అతుకుతున్నాడో రెండూ చెప్పగలిగేవాళ్ళు.

మా అమ్మ పేరు సువార్త. ఆవిడ నాన్న, అంటే మా తాతయ్య, పల్లెటూరి చర్చిలో ఉపదేశి. ఆయన క్రిస్మస్‌కి ఒక పాట కట్టాడు. అది ఏ కీర్తనల పుస్తకంలోకీ ఎక్కలేదు. ఎక్కకపోవడంలో వింతేమీ లేదు లెండి, ఆ పాటలో చుక్క బాపట్ల మీదుగా పోతుంది, గొల్లలు గొర్రెల బదులు గేదెల్ని కాస్తూ ఉంటారు. మా తాతయ్య గొర్రెని దగ్గర్నుంచి చూసిన మనిషి కాడు. నాలుగు చరణాలు, చరణానికి నాలుగు పాదాలు, వరస అన్నింటికీ ఒకటే. ఆ పాట వచ్చినవాళ్ళు లోకం మొత్తం మీద పది మంది ఉండేవాళ్ళేమో, అందులో ఢిల్లీలో ఉన్నది మా అమ్మ ఒక్కతే. ఆవిడకి అప్పటికి హిందీ రాదు. కూరగాయలబండి దగ్గర "అచ్ఛా", "నహీ", "కిత్‌నా", ఈ మూడు ముక్కలతో ఏళ్ళు నెట్టుకొచ్చింది. కానీ ఇంట్లో పొద్దుటినుంచీ ఏదో ఒకటి పాడుతూనే ఉండేది.

ఆవిడ పాట నిదానం. మాటని అంత తేలిగ్గా వదిలిపెట్టదు. ఆదివారాలు మధ్యాహ్నం, ఇంగ్లీషు ఆరాధన వాళ్ళు వెళ్ళాక అదే చర్చిలో మన తెలుగువాళ్ళ ఆరాధన జరిగేది. అక్కడ పాట నడిపించే ఆయన చప్పట్లు కొట్టి పరిగెత్తించేవాడు. అందరూ పాదం ముగించి ఊపిరి తీసుకుంటుంటే అమ్మ ఒక్కతే చివరి మాట మీద ఉండేది. నాకు సిగ్గేసి ఆవిడ కొంగు లాగేదాన్ని. ఒక క్రిస్మస్‌కి ముందు ఆయన అమ్మని పిలిచి, "సువార్తమ్మగారూ, మీరు ఏమీ అనుకోకండి, పాట వెనక్కి గుంజేస్తున్నారు. ఈసారి మీరు కూర్చుని వింటే బాగుంటుంది" అన్నాడు. అమ్మ సరేనంది. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక నాన్న మమ్మల్ని బస్సులో అశోకా రోడ్డుకి తీసుకెళ్ళి ఆంధ్రా భోజనం పెట్టించేవాడు. ఆ రోజు కూడా వెళ్ళాం. అమ్మ పప్పు రెండోసారి వడ్డించుకోలేదు. నాన్న అది చూశాడు. మజ్జిగ తాగి లేచాడు.

ఆ సాయంత్రం ఆయన వంటింట్లోకి వచ్చి అప్పడాల కర్ర అడిగాడు. "ఎందుకండీ?" అంది అమ్మ. "దీపాలు పెడదామని." "దీపాలకి అప్పడాల కర్రేంటి, మీకేమైనా మతి పోయిందా?" నాన్న కర్ర తీసుకుని గడప దాటబోతూ ఆగి, "ఆ లైట్లు నీ వెనకాల వస్తాయి సువార్తా. నువ్వు ఎవరి వెనకాలా పరిగెత్తక్కర్లేదు" అన్నాడు. మా నాన్న నోటినుంచి ఒక్కపూటలో అన్ని మాటలు రావడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ యంత్రం చెప్పుకోవడానికి చాలా తేలిక. కర్రని రెండు చెక్కల మధ్య పడుకోబెట్టి, పాత సామానులోంచి తెచ్చిన పళ్ళచక్రాలు తగిలించి, పిడి పెట్టాడు. పిడి చాలాసార్లు తిప్పితే కర్ర ఒక్క చుట్టు తిరుగుతుంది. కర్రకి ఆనుకుని వరసకొకటి చొప్పున ఎనిమిది ఇత్తడి నాలుకలు. నాలుక కింద రేకు ఉన్నంతసేపూ ఆ వరస దీపాలు వెలుగుతాయి, ఉత్త కర్ర తగిలితే ఆరిపోతాయి. దీపాలంటే టార్చి బల్బులు, వాటి మీద రంగు కాగితాలు. ఒక వరస కాగితం నక్షత్రానికి, ఒకటి కిటికీకి, రెండు బాల్కనీ కమ్మీలకి, ఒకటి గేదెలకి. గేదెల్ని అట్ట మీద గీసి కత్తిరించింది నేనే. మిగతా మూడు వరసలూ మెట్ల పక్కనుంచి కిందికి. ఒక చుట్టు ఒక చరణం. నాలుగు చుట్లు తిప్పితే పాట అయిపోతుంది.

ఇక కర్ర మీద పాటని ఎక్కించాలి. నాన్న దాని చుట్టూ తెల్ల కాగితం చుట్టాడు. నేను ఒకే వేగంతో పిడి తిప్పాలి, అమ్మ పాడాలి, నాన్న ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పెన్సిలుతో గీతలు పెట్టుకోవాలి. అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి ఉంది, పక్కన అరిసెల పిండి ఉంది. "ఒక్కసారే పాడతాను, రాసుకుంటే రాసుకోండి, నాకు అవతల బోలెడు పనుంది" అని వంటింటి గుమ్మంలో నిలబడి ఎత్తుకుంది. మొదటి పాదం, రెండో పాదం. నేను పళ్ళు బిగబట్టి తిప్పుతున్నాను. నాన్న వంగి, ముక్కు కర్రకి తగిలేంత దగ్గరగా పెట్టి గీతలు గీస్తున్నాడు. రెండో పాదం అవుతూనే అమ్మ "అయ్యో, పాలు!" అని లోపలికి పరిగెత్తింది. గిన్నె దించిన చప్పుడు వినిపించింది. మళ్ళీ గుమ్మంలోకి వచ్చి, మూడో పాదం ఎక్కడ అందుకోవాలో అక్కడ అందుకుంది. నాకు ఆగమని ఎవరూ చెప్పలేదు, నేను తిప్పుతూనే ఉన్నాను. నాన్నకి పని మీద ఉన్నప్పుడు చెవులు పనిచేసేది పాటకొక్కదానికే. పాట లేనిచోట ఆయన గీత గియ్యలేదు.

మూడు సాయంత్రాలు కూర్చుని రేకులు కత్తిరించి, ఆ గీతల ప్రకారం మేకులు దిగ్గొట్టాడు. పండగ ఇంక రెండు రోజులుందనగా పరీక్ష పెట్టాం. అమ్మ పాడుతుంటే నేను తిప్పాను. నక్షత్రం వెలిగింది, కిటికీ వెలిగింది, కమ్మీలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. రెండో పాదం అయ్యేసరికి అన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఢిల్లీ కదా, కరెంటు పోయిందనుకున్నాం. చూస్తే వంటింట్లో బల్బు దివ్యంగా వెలుగుతోంది. అమ్మ మూడో పాదం సగానికి వచ్చేసింది, అప్పుడు వెలిగాయి గేదెలు. నాన్న కాగితం తీసి చూశాడు, కర్ర వంక చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. "ఇక్కడ నువ్వేమీ పాడలేదే" అన్నాడు. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "అయ్యో రామా, అవి నా పాలండీ!" అని నవ్వడం మొదలుపెట్టింది. ఉపదేశి కూతురు అయ్యో రామా అనడం మా ఇంట్లో మామూలే. నవ్వి నవ్వి గోడకి జారబడి నేల మీద కూర్చుండిపోయింది.

దానికి మందు లేదు. కాగితమైతే ముక్క కత్తిరించి అతికించొచ్చు, కర్రలోంచి ముక్క తీసెయ్యలేం కదా. అక్కడ రేకులు కొట్టి నింపినా, తర్వాతి పాదం వెనకబడే ఉంటుంది. పీకి మళ్ళీ కొడదామంటే ఒక చివర అప్పటికే బీటవారింది. నాన్న ముఖం చిన్నబుచ్చుకుని పెట్టె మూయబోయాడు. అమ్మ లేచి, కళ్ళు తుడుచుకుని, "ఉండనివ్వండి. అక్కడ నేనే ఆగుతాను. పాలు దించి వచ్చాననుకుంటాను" అంది.

పండగ ముందురోజు చీకటి పడగానే అమ్మ శాలువా తల మీంచి కప్పుకుని బాల్కనీలో నిలబడింది. నాన్న వైర్ల దగ్గర, నేను పిడి దగ్గర. కింద కోతిటోపీలు పెట్టుకున్న మగవాళ్ళు, ఒళ్ళో వేరుశనక్కాయల పొట్లాలతో ఆడవాళ్ళు, మా బ్లాకు వాళ్ళు ఒక పాతికమంది చేరారు. అమ్మ తన ధోరణిలో, తన నిదానంలో పాడింది. దీపాలు ఆవిడ ఎక్కడ ఆగితే అక్కడ ఆగాయి, ఎక్కడ లాగితే అక్కడ లాగాయి. రెండో పాదం అయింది. చీకటి. కింద చావ్లా ఆంటీ, మా కింది వాటా ఆవిడ, కరెంటు పోయిందనుకుని గట్టిగా "సువార్తా! క్యా హువా, బత్తీ గయీ?" అని అరిచింది. అమ్మ కంగారు పడలేదు. కమ్మీ మీంచి వంగి, తనకున్న హిందీ అంతా కూడదీసుకుని, "దూధ్! దూధ్ ఉతారా!" అంది. ఏం పాలో, ఎక్కడ దించిందో కింద ఒక్కరికీ అర్థం కాలేదు, కానీ అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే గేదెలు వెలిగాయి, అమ్మ మూడో పాదం సరిగ్గా అందుకుంది. మర్నాడు చావ్లా ఆంటీ అరిసెల కోసం వచ్చి సంగతంతా విని వెళ్ళింది. ఆ మరుసటేడు నుంచి చీకటి పడ్డప్పుడల్లా, చరణానికొకసారి, బ్లాకు బ్లాకంతా కలిసి "దూధ్ ఉతారో!" అని అరిచేది. పాటకి తెలుగు రానివాళ్ళంతా కలిపిన పాదం అది. అలా ఎన్నేళ్ళు సాగిందో నేను లెక్కపెట్టలేదు. నేను పదేళ్ళ పిల్లగా పిడి పట్టుకున్నాను, కాలేజీలో చేరాక కూడా పట్టుకున్నాను. ఆదివారం ఆరాధనలో మళ్ళీ పాడమని అమ్మని అడిగారు. "నాకు మా ఆయన దీపాలున్నాయి లెండి" అని చెప్పి ఊరుకుంది.

ఇక నేను ప్రవీణ్‌కి చెప్పకుండా దాచిన ముక్క. నేను కాలేజీలో ఉండగా నాన్న టేప్ రికార్డరు కొన్నాడు. మొట్టమొదట చేసిన పని, తలుపులన్నీ వేసి, అమ్మని కూర్చోబెట్టి, తాతయ్య పాట నాలుగు చరణాలూ క్యాసెట్టు మీదికి ఎక్కించడం. క్యాసెట్టు మీద ఆయన గుండ్రటి అక్షరాలతో "సువార్త" అని రాసి అట్టపెట్టెలో పెట్టాడు. ఆ వేసవిలో నాకు రేడియోలో వచ్చే సినిమా పాటల పిచ్చి పట్టింది. ఇంట్లో ఖాళీ క్యాసెట్టు లేదు. నేను పేరు చూడలేదని ఇప్పటిదాకా అందరికీ చెబుతూ వచ్చాను. చూశాను. రెండో పక్క ఖాళీగా ఉంటుందిలే అనుకున్నాను, పక్క తిరగేశాననుకున్నాను, తిరగెయ్యలేదు. డిసెంబరులో నాన్న దాన్ని పెట్టి మీట నొక్కితే ఎవరో హీరోయిన్ పాడింది. నాన్న నా వైపు చూశాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. అమ్మే వంటింట్లోంచి తొంగి చూసి, "పోనీలెండి, పిల్లనేం అనకండి. నేనున్నాగా, మళ్ళీ పాడతాను" అంది.

మళ్ళీ పాడలేదని కాదు. ఏటా పాడింది. రికార్డు చెయ్యడమే ఎప్పటికప్పుడు వాయిదా పడింది. ఒకసారి టేపు మోటారు పాడైంది, ఒకసారి నా పెళ్ళి పనులు, ఒకసారి నాన్నకి జ్వరం. ఎక్కడికి పోతుందిలే అనుకున్నాం. ప్రవీణ్ నడక నేర్చుకుంటున్న ఏడు అమ్మకి గుండెపోటు వచ్చింది, ఆసుపత్రికి చేరేలోపే పోయింది. ఆ డిసెంబరు నాన్న కర్రని పేపరులో చుట్టి పెట్టెలో పెట్టేశాడు. ఫోను పెట్టి చిటికెలో వీడియో తీసే రోజులు అప్పటికి రాలేదు. అమ్మ ముఖం నా దగ్గర ఫొటోల్లో ఉంది. గొంతు లేదు. మొదట్లో కళ్ళు మూసుకుంటే వినిపించేది. తర్వాత తర్వాత ఆ పాట నేనే మనసులో పాడుకుంటే నా గొంతే వినిపించడం మొదలైంది. ఈ మధ్య పదేళ్ళుగా ఎంత ప్రయత్నించినా ఆవిడ గొంతు నాకు గుర్తుకు రావడం లేదు. కన్నతల్లి గొంతు మర్చిపోవడమేమిటని మీరనొచ్చు. మర్చిపోయాను. దాన్ని చెరిపింది కూడా నేనే.

మళ్ళీ ఆదివారం ప్రవీణ్ తన కూతురు మైరాని వెంటబెట్టుకుని వచ్చాడు. మైరాకి ఎనిమిదేళ్ళు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. వాళ్ళిద్దరూ కర్ర చుట్టూ కాగితం చుట్టి, పెన్సిలు అడ్డంగా పెట్టి రుద్దారు. నాణేల మీద కాగితం పెట్టి రుద్దుతామే, అలాగ. రేకులున్నచోట నల్లగా పడ్డాయి. నాన్న గీతలు గీసిన కాగితం లాంటిదే మళ్ళీ తయారైంది. "అమ్మా, ఒక చుట్టుకి ఎంతసేపు పట్టేది? అది తెలియకపోతే ఇదంతా వేస్టే" అన్నాడు ప్రవీణ్. పళ్ళచక్రాలు ఎప్పుడో పోయాయి, నాన్న లేడు. నాకేం తెలుసు అన్నాను. మైరా తన సంచీలోంచి పెన్సిళ్ళు చెక్కుకునే చిన్న మెషీను తీసి, "దాదీ, యే ఘుమావో నా" అని నా ముందు పెట్టింది. దానికి పిడి ఉంది. నేను కళ్ళు మూసుకుని తిప్పాను. ఎన్ని తిప్పులయ్యాక నాన్న "అయింది" అని చెయ్యెత్తేవాడో అన్ని తిప్పులు తిప్పి ఆపాను. ప్రవీణ్ ఫోనులో టైము చూశాడు. మళ్ళీ తిప్పమన్నాడు, ఇంకోసారి తిప్పమన్నాడు. యాభై ఒక్క సెకన్లు, యాభై, యాభై ఒకటి. "దాదీ తో మెషీన్ హై" అంది మైరా. నాకూ ఆశ్చర్యంగానే ఉంది.

మూడు రోజుల తర్వాత ఫోను చేశాడు. "అమ్మా, అయిపోయింది. మధ్యలో ఏడు సెకన్లు ఏమీ లేదు, అక్కడ రేకులు ఊడిపోయినట్టున్నాయి. ఆ గ్యాప్ తీసేసి తర్వాతిది ముందుకి జరిపేశాను. ఇప్పుడు స్మూత్‌గా ఉంది."

"నిన్నెవడు తియ్యమన్నాడురా?" అన్నాను. నా గొంతు అంత పైకి లేచినట్టు వంటింట్లోంచి మావారు వచ్చి చూసేదాకా నాకు తెలియలేదు.

"అది ఎర్రర్ కదమ్మా?"

"అది మా అమ్మ పాలు!"

పాల కథ వాడికి మొదటి ఆదివారమే చెప్పాను. వినేటప్పుడు నవ్వాడు, పని దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాడు. అప్పుడు ఫోనులోనే మిగతాదీ చెప్పాను, క్యాసెట్టు సంగతి, పేరు చూడలేదని అబద్ధం చెప్పిన సంగతి, గొంతు గుర్తులేని సంగతి. "అదొక్కటేరా మిగిలింది. ఆవిడ ఎక్కడ ఊపిరి పీల్చిందో, ఎక్కడ ఆగిందో, ఆ కర్ర మీద తప్ప ఎక్కడా లేదు. నువ్వు దాన్ని సాపు చేశావు" అన్నాను. ఏడ్చాను కూడా, క్యాసెట్టు చెరిపిన రోజుల్లో ఏడవనిదానికి ఇప్పుడు.

"ఠీక్ హై అమ్మా, ఏడవకు. ఒక్క మీట నొక్కితే మళ్ళీ వచ్చేస్తుంది. ఏమీ పోలేదు" అన్నాడు. వచ్చేస్తుందట. వాళ్ళ కాలానికీ మా కాలానికీ తేడా ఏమిటని నన్నెవరైనా అడిగితే ఆ మీటే అంటాను. వాళ్ళ దీపాలు వేలు, మావి గుప్పెడు టార్చి బల్బులు. వాటి గురించి నాకు ఈర్ష్య లేదు. ఆ మీట మీద మాత్రం ఉంది.

పండగ ముందురోజు సాయంత్రం ఘాజియాబాద్ వెళ్ళాం. పొగమంచులో ఎదురు బ్లాకు కూడా సరిగ్గా కనిపించడం లేదు, సగంమంది ముఖాలకి మాస్కులు. ముందు ప్రవీణ్ తన ఇంగ్లీషు పాట పెట్టాడు. బాల్కనీ మెరిసింది, గిరగిరా తిరిగింది, కింద పచ్చికలో నిలబడ్డవాళ్ళు ఫోనులెత్తి పట్టుకున్నారు. మా రోజుల్లో చేతుల్లో వేరుశనక్కాయలుండేవి, అందుకని అందరి కళ్ళూ ఖాళీగా ఉండేవి. ఇదేం నిష్ఠూరం కాదు, బాగానే ఉంది, నేను కూడా ఒక వీడియో తీశాను. తర్వాత ప్రవీణ్ నా దగ్గరికి వచ్చి, "ఇంక నీ వంతు. పాట రికార్డు ఎక్కడా లేదుగా, నువ్వే పాడాలి" అన్నాడు. నేను చివరిసారి నలుగురిలో పాడింది ఎప్పుడో నాకే గుర్తులేదు. పచ్చికలో నిలబడి బాల్కనీ వైపు చూశాను. మైరా గీసిన గేదెల బొమ్మలకి తీగలతో దీపాలు చుట్టి, కమ్మీ పక్కన వరసగా కట్టాడు. ఎనిమిది వరసలూ నాన్న పెట్టినట్టే ఉన్నాయి. నక్షత్రం వెలగగానే ఎత్తుకున్నాను.

ఎత్తుకున్నానే గానీ నేను ముందుకి పోతున్నాను. దీపాలు వెనకే ఉన్నాయి. నేను పాదం సగానికి వచ్చేసరికి కిటికీ ఇంకా వెలగలేదు. నాకు తెలియకుండానే నేను కూడా చప్పట్లవాళ్ళ వేగానికి అలవాటుపడిపోయాను. చిన్నప్పుడు కొంగు లాగినదాన్ని కదా, ఆవిడే ఇప్పుడు నన్ను వెనక్కి లాగుతున్నట్టుంది. నిదానించాను. దీపం వెలిగేదాకా ఆ మాట మీదే నిలబడ్డాను, ఆరేదాకా దాన్ని వదల్లేదు. రెండో పాదంలో ఒకచోట నేనెన్నడూ ఊపిరి తీసుకోని చోట కమ్మీ దీపం చటుక్కున ఆరింది. అక్కడ తీసుకున్నాను. ఒంట్లో ఏదో సర్దుకున్నట్టయింది. అమ్మ ఇక్కడ ఊపిరి పీల్చేది. అవును, ఇక్కడే.

రెండో పాదం అయింది. బాల్కనీ మొత్తం చీకటి. నా ముందు ఎవరో ఫోను దించారు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఆ చీకట్లో, నా పక్కనే అన్నట్టు, "అయ్యో, పాలు!" అన్న మాట వినిపించింది. పాట కాదు, ఉత్త మాట. కొంచెం కంగారు, కొంచెం విసుగు, చివర్న సగం నవ్వు. అమ్మ గొంతు. ఇన్నేళ్ళూ నేను దాన్ని పాటలో వెతికాను.

మైరా నా చెయ్యి పట్టుకుని ఊపింది. "దాదీ, లైట్ చలీ గయీ క్యా?"

"పోలేదే తల్లీ. మీ తాతమ్మ పాలు దించుతోంది. ఉండు, వచ్చేస్తుంది."

గేదెలు వెలిగాయి. నేను మూడో పాదం అందుకున్నాను.